గడియ వేసుకున్న పిల్లలు

తాళాలాయన గొంతు ఎలా ఉంటుందో ఆ వీధిలో చాలామందికి తెలియదు. ఆయన దుకాణం ఒక పాత భవనం మెట్ల కింద ఉండేది. లేచి నిలబడితే తల మెట్టుకి తగులుతుంది కనుక పొద్దస్తమానం కూర్చునే ఉండేవాడు. గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు, ముందొక చిన్న బల్ల. వచ్చినవాళ్ళు తమ తాళంచెవి ఎలా పోయిందో మొదలుపెట్టేవారు. జేబుకి చిల్లు పడిన సంగతి, మరదలి మతిమరుపు, బట్టల మూటలో వెతికిన వైనం అన్నీ చెప్పేవారు. ఆయన చెయ్యి చాచేవాడు. తాళం ఆ చేతిలో పెట్టాలి. ఆ తర్వాత వినిపించేది ఆకురాయి చప్పుడే.

ఇంట్లో ఇద్దరి వంతూ ఆయన భార్యే మాట్లాడేది. "ఏమండీ, ఉప్పు సరిపోయిందా? సరిపోయే ఉంటుందిలెండి, తింటున్నారుగా" అని ప్రశ్న, జవాబు రెండూ తనే కానిచ్చేసేది. చుట్టుపక్కలవాళ్ళతో ఆవిడ ఒక మాట తరచూ చెప్పేది. "పెళ్ళైన కొత్తలో ఈయనకి మాటలు రావేమో, వాళ్ళవాళ్ళు మా దగ్గర దాచారేమో అని హడలిపోయాను. నెల తిరిగాక ఒకరోజు కిటికీలోంచి బయటికి చూసి 'వాన' అన్నారు. ప్రాణం లేచొచ్చిందనుకోండి."

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఊరికి అవతలి వైపు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తూ అక్కడే ఉండేది. ఆదివారాలు వచ్చేది. తండ్రి ఆ అమ్మాయితో రాగానే "వచ్చావా" అనేవాడు, వెళ్ళేటప్పుడు "వెళ్తున్నావా" అనేవాడు. మధ్యలో ఉన్నదంతా తల్లిది.

పని కోసం వచ్చే ఫోన్లు కూడా భార్యకే వచ్చేవి. ఆవిడ వాటిని ఆయనకి చేరవేసేది. ఒకరోజు మధ్యాహ్నం అలాగే చేసింది. ఆయన ఫోన్ ఎత్తిన చప్పుడు వినగానే మొదలుపెట్టింది.

"ఏమండీ, నీలం గేటు అపార్ట్‌మెంట్ ఉంది చూడండి, అందులో మూడో అంతస్తు. నర్సు గారింట్లో పిల్ల బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకుందట. తీయడం రావట్లేదట. తీయనంటోందట కూడా. ఆ రెండిట్లో ఏదో తల్లికే అర్థం కావట్లేదు. తొందరగా వెళ్ళండి."

ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న నర్సు నిద్రమొహంతోనే తలుపు బాదుతోంది. పిల్ల అమ్మమ్మ పక్కనే నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. పై అంతస్తు ఆవిడ గరిటెతో సహా దిగి వచ్చింది. పొయ్యి మీద ఏదో ఉందని మాటిమాటికీ చెబుతోంది కానీ కదలడం లేదు.

తాళాలాయన తలుపుని పైనుంచి కిందికి చూశాడు. పాతకాలపు మందపాటి చెక్క. బయటివైపు తాళమూ లేదు, చెవి దూర్చే కన్నమూ లేదు. గడియ లోపల, బందులూ లోపలే. తోసి పగలగొడదామంటే పిల్ల సరిగ్గా తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. ఇక లోపలున్న మనిషే తీయాలి. గడియకున్న చిన్న పిడిని పైకెత్తి పక్కకి లాగాలి. ఆ మాట ఆయన చేతి సైగతో నర్సుకి చూపించాడు.

"నేనూ చెప్పాను, మా అమ్మా చెప్పింది. మా మాట వినదండీ అది. మీరే చెప్పండి" అంది నర్సు.

ఆయన ఇబ్బందిగా చుట్టూ చూశాడు. ముగ్గురు ఆడవాళ్ళు ఆయన మొహంలోకే చూస్తున్నారు. తలుపొక్కటే చూడటం లేదు. ఆయన తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, చెక్కకి నోరు దగ్గరగా పెట్టాడు.

"పాపా" అన్నాడు.

"ఎవరు?" అని లోపలినుంచి వినిపించింది.

"తాళాలాయన్ని."

"మా ఇంట్లో తాళాలాయన లేడు."

"ఇప్పుడే వచ్చాను. నువ్వు లోపల ఇరుక్కుపోయావటగా."

"నేనేం ఇరుక్కోలేదు. మీరే బయట ఇరుక్కుపోయారు."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఇరుకు వసారా, నర్సు, అమ్మమ్మ, గరిటె. 

"ఎంతమంది ఇరుక్కున్నారు?" అంది పిల్ల.

"నలుగురం."

"ఏడుస్తున్నారా?"

"మీ అమ్మమ్మ ఒక్కతే."

"అమ్మమ్మ టీవీ చూసినా ఏడుస్తుంది. నువ్వు మంచివాడివేనా?"

ఈ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాస్త ఆలోచించి, "తెలీదు" అన్నాడు.

"చెయ్యి చూపించు."

తలుపు కింద సందు ఉంది. ఆయన వేళ్ళు లోపలికి దూర్చాడు. లోపల ఎవరో వాటిని ఒక్కొక్కటిగా తడిమి చూస్తున్నట్టు తెలుస్తోంది.

"ఈ గోరెందుకు నల్లగా ఉంది?"

"సుత్తి కొట్టింది."

"నువ్వు దాన్నేం చేశావు?"

"ఏం చేయలేదు."

"మరి ఎందుకు కొట్టింది?"

"దాన్ని అడగలేదమ్మా."

"అడగాలి" అంది పిల్ల. వేళ్ళు వదిలేసింది. పరీక్ష నెగ్గినట్టే ఉంది. ఆయన గొంతు సవరించుకుని గడియ సంగతి ఎత్తాడు. పిల్ల మధ్యలోనే ఆపింది. ఇది బాత్రూం కాదు, బస్సు అట. తను కండక్టరట. బకెట్ నిండా జనం ఉన్నారట. స్టాపు రాకుండా తలుపు తీస్తే పడిపోతారట.

"ఏ స్టాపులో ఆగుతుంది?"

"పెద్దమ్మ వాళ్ళింటి దగ్గర. ఇప్పుడు ఎక్కడున్నామో చెప్పు. నాకు కిటికీ అందదు."

తాళాలాయన తన జీవితంలో వరసగా మూడు వాక్యాలు చెప్పి ఎరగడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. "గేటు దాటాం" అన్నాడు. "టైర్ల దుకాణం వచ్చింది. బయట ఒక టైరులో కుక్క పడుకుని ఉంది."

"ఏ రంగు కుక్క?"

"టైరు రంగే. అందుకే దుకాణంవాళ్ళకి కనిపించదు." అలా సాగుతూ పోయాడు. మందుల షాపు, గోడ కూలిన బడి, అద్దాల మిద్దె, ఎప్పుడు చూసినా ఎర్రగా ఉండే సిగ్నల్. అక్కడ బస్సు ఆగింది. సిగ్నల్ మారే వరకూ పిల్ల, ఆయన ఇద్దరూ మాట్లాడకుండా ఎదురుచూశారు. తర్వాత ఆయన బస్సుని ఎడమ పక్కకి తిప్పాడు.

"అటు కాదు" అంది అమ్మమ్మ ముక్కు తుడుచుకుంటూ. "పెద్దదాని ఇంటికి వంతెన మీదుగా వెళ్ళాలి."

"వంతెన మీద పనులు జరుగుతున్నాయమ్మా, పెద్ద బళ్ళని పోనివ్వట్లేదు" అంది నర్సు.

"బస్సుల్ని పోనిస్తున్నారు, మొన్న మా ఆయన వెళ్ళారు" అంది గరిటె ఆవిడ.

"అది ఊళ్ళో తిరిగే బస్సు. ఇది కాదుగా" అంది నర్సు. అని, ఏమన్నానా అన్నట్టు ఒక క్షణం ఆగిపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు. ముగ్గురూ వాదించుకుని చివరికి మార్కెట్ వెనకనుంచి పోనిమ్మన్నారు. తాళాలాయన మార్కెట్ వెనకనుంచే పోనిచ్చాడు. పై అంతస్తు నుంచి మాడిన వాసన దిగి వస్తోంది.

"పెద్దమ్మ ఇల్లు వచ్చింది" అన్నాడాయన. "ఇప్పుడు కండక్టరు లేచి నిలబడాలి. గడియకి చిన్న పిడి ఉందిగా, దాన్ని పైకెత్తి, కుళాయి ఉన్న వైపు లాగాలి. మెల్లిగా. జనం మీద పడకుండా."

ఇనుము గీసుకున్న చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. నాలుగేళ్ళ పిల్ల, చేతిలో మగ్గుతో బయటికి వచ్చి నిలబడింది. వసారా చూసింది, తల్లిని చూసింది, కింది పెదవి ముందుకి వచ్చింది.

"ఇది పెద్దమ్మ ఇల్లు కాదు."

"తప్పు బస్సు ఎక్కినట్టున్నాం" అన్నాడు తాళాలాయన తల దించుకుని.

"నువ్వు టికెట్ తీసుకున్నావా?"

"లేదు."

"అందుకే" అని, పిల్ల వెళ్ళి తల్లి చంకెక్కింది.

ఆయన ఇంటికి వచ్చి ఎప్పటిలాగే ఏమీ చెప్పలేదు. నర్సు ఫోన్ చేసి చెప్పింది. భార్య ఫోన్ పెట్టేసి, ఆయన అన్నం తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని ఆ మొహంలోకి చూసింది. "టైర్లో కుక్క గురించి నాకెప్పుడూ చెప్పలేదే" అంది చివరికి.

అక్కడితో అయిపోయేదే. కానీ నర్సు కూతురికి మెట్ల మీద ఆడుకునే స్నేహితులున్నారు. ఒక తాత తలుపు అవతలనుంచి మాట్లాడతాడని, ఎటు కావాలంటే అటు తీసుకెళ్తాడని ఆ పిల్ల వాళ్ళందరికీ చెప్పింది. ఆ వారంలోనే రెండో అంతస్తులోని బీమా ఏజెంటు కొడుకు బట్టల గదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నాడు. వాడికి ఆరేళ్ళు. గడియ తీయడం వాడికి బాగా వచ్చు. "తాళాల తాతని పిలవండి" అని లోపలినుంచి ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడట.

తాళాలాయన వెళ్ళేసరికి ఏజెంటు తలుపు ముందు పచార్లు చేస్తున్నాడు. భార్య ఒళ్ళో నెలల పిల్ల. తాళాలాయన తలుపు దగ్గర కూర్చున్నాడు.

"బాబూ, లోపలున్నావా?"

"లేను."

"మాట వినిపిస్తోందిగా."

"రేడియోలో కూడా వినిపిస్తుంది. అందులో మనుషులుంటారా?"

"ఉండరు" అని ఒప్పుకున్నాడాయన. ఏజెంటు వైపు తిరిగి, "లేడటండీ" అన్నాడు.

"లేడేంటయ్యా" అన్నాడు ఏజెంటు.

"మా నాన్న ఏమంటున్నాడు?" అంది లోపలి గొంతు.

"నమ్మట్లేదు. ఎన్నాళ్ళు ఉండవు?"

"చెల్లి వెళ్ళిపోయేదాకా."

"ఎక్కడికి వెళ్తుంది?"

"ఆసుపత్రికి. అక్కణ్ణుంచే తెచ్చారు. కొత్తదిగా, వాపసు తీసుకుంటారు. మా నాన్న చొక్కా ఇచ్చేస్తే షాపులో తీసుకున్నారు."

తాళాలాయన ఈ విషయాన్ని అన్ని వైపులనుంచీ ఆలోచించాడు. "తెచ్చినప్పుడు చుట్టిన గుడ్డ అలాగే ఉందా?"

"ఉతికేశారు."

"ఉతికితే కష్టం."

 పసిపిల్ల తల్లి నవ్వు ఆపుకోలేక పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

"నువ్వు తాళాలు వాపసు తీసుకుంటావా?" అన్నాడు వాడు.

"తీసుకోను."

"ఎందుకు?"

"వాళ్ళు తాళంచెవి ఒకటి ఇంట్లో దాచుకుని ఉండొచ్చు. ఆ తాళం ఇంకొకళ్ళకి ఎలా ఇస్తాను? ఆసుపత్రివాళ్ళకి కూడా ఆ అనుమానం ఉంటుంది."

"మేమేం దాచుకోలేదు."

"మీ అమ్మని అడిగావా?"

వాడు ఆ మాట దాటేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "దానికి పళ్ళు కూడా లేవు. పళ్ళు లేనిదాన్ని ఎవరైనా తెచ్చుకుంటారా?" అన్నాడు.

"నాకూ రెండు లేవు."

"నిన్నెవరైనా తెచ్చుకున్నారా?"

"లేదు. ఊరికే ఉంచుకున్నారు."

"ఎవరు?"

"మా ఆవిడ."

"నువ్వు ఏడుస్తావా రాత్రిళ్ళు?"

"గురక పెడతానట."

"అయినా ఉంచుకుందా?"

"ఆఁ. చాలాకాలమైంది."

గడియ దానంతటదే వచ్చినట్టు వచ్చింది. వాడు బయటికి వచ్చి ముందు తాళాలాయన నోట్లోకి చూశాడు. రెండు పళ్ళ ఖాళీ చూసి తృప్తిపడి, తల్లి ఉన్న గదిలోకి వెళ్ళి, "గుడ్డ ఎందుకు ఉతికావమ్మా" అని నిలదీశాడు.

ఆ తర్వాత ఆ అపార్ట్‌మెంట్‌లో గడియలు పడుతూనే ఉన్నాయి. ఒక పిల్లాడు వంటింటి పక్క కొట్టులో గడియ వేసుకుని తాళాల తాతకి అంకెలు అప్పజెప్పాడు. ముప్ఫై తొమ్మిది దగ్గరికి రాగానే తర్వాతది గుర్తు రాక మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకునేవాడు. ఆయన ఓపిగ్గా వింటూ కూర్చున్నాడు. తర్వాతది చెప్పొచ్చుగా అని వాళ్ళమ్మ అడిగితే, "వాడు అడగలేదమ్మా" అన్నాడు. ఇంకొక పిల్ల పరుపు మీద దుప్పట్లతో గుడిసె కట్టుకుని, తలుపు లేని ఆ గుడిసెకి తాళం వేయమని కబురు పెట్టింది. ఆయన వెళ్ళి వేసొచ్చాడు. సాయంత్రం వాళ్ళ నాన్న ఆఫీసునుంచి వచ్చి పడుకోబోతే తాళంచెవి లేదని రానివ్వలేదు. ఆ మనిషి సోఫా మీద పడుకున్నాడు.

పెద్దలకి విసుగెత్తింది. స్నానానికి బాత్రూం దొరకదు, బట్టలకి బీరువా గది దొరకదు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఒక శనివారం కింది హాల్లో అందర్నీ సమావేశపరిచాడు. ఆయనది మాటకి ముందు దగ్గే అలవాటు. తాళాలాయన్ని మధ్యలో నిలబెట్టారు. ఆయన భార్య కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"చూడు పెద్దాయనా" అని దగ్గాడు సెక్రటరీ. "పిల్లలకి నువ్వేదో అలవాటు చేశావు. గడియ వేసుకున్నా ఏం కాదు, ముచ్చట్లు చెబుతారు అన్న ధీమా వచ్చేసింది వాళ్ళకి. దీనికి నీ సమాధానం ఏంటి?"

తాళాలాయన నోరు తెరిచాడు. యాభైమంది మొహాలు ఆయనకేసి చూస్తున్నాయి. నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"సమాధానం చెప్పాలి కదా" అన్నాడు సెక్రటరీ.

"ఆయన సమాధానం ఏంటంటే" అని భార్య లేవబోయింది.

"ఆయన్ని చెప్పనివ్వండమ్మా."

అప్పుడు నర్సు కూతురు తల్లి ఒళ్ళోంచి, "బయట ఉంటే ఆయన మాట్లాడడు. లోపల పెట్టాలి" అంది. అదేదో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు పిల్లలంతా తలలూపారు. హాలు పక్కనే కుర్చీలూ పెయింటు డబ్బాలూ పెట్టే సామాన్ల గది ఉంది. తాళాలాయన దానికేసి ఆశగా చూశాడు. సెక్రటరీ దగ్గడం మర్చిపోయి, "సరే, కానివ్వండి" అన్నాడు. తాళాలాయన సంచీ కుర్చీ మీద పెట్టి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. హాలంతా తలుపు వైపు తిరిగి కూర్చుంది.

"వినిపిస్తోందా అండీ?" అని లోపలినుంచి వచ్చింది, నెమ్మదైన, కాస్త బొంగురు గొంతు. పెద్దవాళ్ళలో చాలామంది ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

"వినిపిస్తోంది" అన్నాడు సెక్రటరీ తలుపుతో.

"రంపంతో కోస్తే తలుపు పోతుందండీ. పిల్లలు జడుసుకుంటారు. అందుకని మాట్లాడాను. వాళ్ళకి నేను చెప్పిందేం లేదు. వాళ్ళే చెబుతారు. మధ్యలో నేను ఊ కొట్టాలి, అంతే. మొహంలో మొహం పెట్టి మాట్లాడటం నాకు రాదు. తలుపుంటే వస్తుంది. ఎందుకో నాకూ తెలీదు. గడియలన్నీ పెద్దవాళ్ళకి అందేంత పైకి మారుస్తాను. ఇక పిల్లలు వేసుకోలేరు. కావాలంటే ఎదురుగా కూర్చుని మాట్లాడటం నేర్చుకోడానికి చూస్తాను. అది మాత్రం మాటివ్వలేను."

 అమ్మమ్మ అలవాటుగా కొంగు తీసింది.

"సరే, బాగానే ఉంది. బయటికి రా పెద్దాయనా" అన్నాడు సెక్రటరీ.

లోపల గడియ కదిపిన చప్పుడైంది. మళ్ళీ అయింది. "తుప్పు పట్టిపోయిందండీ. పిడి చేతికి ఊడొచ్చింది" అంది గొంతు.

తాళాలు తీసే మనిషి లోపల, ఆయన సంచీ బయట. ఇంకో తాళాలాయన కోసం సెక్రటరీ ఎవరికో ఫోన్ చేస్తే, వాళ్ళు ఒక నంబరు చెప్పారు. దానికి చేస్తే ముందు వరసలో ఉన్న ఈయన భార్య చేతిలోనే ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తి, "ఆయన పని మీద ఉన్నారండీ" అని పెట్టేసింది.

నర్సు కూతురు వచ్చి తలుపు ముందు గొంతుక్కూర్చుంది.

"తాతా, భయమేస్తోందా?"

"కొంచెం. చీకటిగా ఉంది."

"లోపల ఏమున్నాయి?"

"కుర్చీలు. నిచ్చెన. పెయింటు డబ్బాలు."

"ఏ రంగువి?"

"కనబడట్లేదమ్మా."

"ఏదో ఒకటి చెప్పు."

"ఆకుపచ్చ."

"ఆకుపచ్చయితే ఫర్వాలేదు. అది ఏం చేయదు" అని ధైర్యం చెప్పింది పిల్ల. బీమా ఏజెంటు కొడుకు సంచీ లాక్కొచ్చి బోర్లించాడు. తాళాలాయన స్క్రూడ్రైవర్ అడిగితే ముందు పటకారు, తర్వాత కొలిచే టేపు, ఆ తర్వాత ఆయన అరటిపండు తలుపు కింద దూర్చి చూశారు. అరటిపండు పట్టలేదు. దాన్ని పిల్లలే పంచుకు తిన్నారు. చివరికి స్క్రూడ్రైవర్ అందింది. ఆయన లోపలినుంచి బందులు విప్పుతున్నంతసేపూ పిల్లలు వంతులవారీగా కూర్చుని ఊ కొట్టారు. తలుపు పక్కకి జరిగి ఆయన కనబడగానే మొదటగా చప్పట్లు కొట్టింది సెక్రటరీయే.

మాటిచ్చినట్టే ఆయన ఆ అపార్ట్‌మెంట్‌లో గడియలన్నీ పైకి మార్చాడు. పిల్లలు పెద్దగా బాధపడలేదు. వాళ్ళకి కొత్తగా లిఫ్ట్ మెకానిక్ మీద మోజు పుట్టింది, ఆయన తల లిఫ్ట్ కప్పులోంచి తలకిందులుగా కనిపిస్తుందని. తాళాలాయన మళ్ళీ మెట్ల కింద, ఆకురాయి ముందు. దారిన పోయే పిల్లలు ఆగి పలకరిస్తే నవ్వేవాడు, అంతకంటే ఏమీ వచ్చేది కాదు. నర్సు కూతురు మాత్రం ఒకసారి ఎదురుగా నిలబడి, తన రెండు అరచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని "ఇప్పుడు చెప్పు" అంది. ఆయన చుట్టూ చూసుకుని, ఎవరూ లేరని తేల్చుకుని, "బస్సు బాగానే నడుస్తోందా?" అన్నాడు. పాడైందని పిల్ల చెప్పింది. బకెట్‌కి చిల్లు పడిందట.

ఆ ఆదివారం కూతురు ఇంటికి వచ్చింది. ఆయన "వచ్చావా" అన్నాడు. తల్లి అప్పటికే ఫోన్లో కథంతా చెప్పేసింది. బస్సు, ఆసుపత్రి, సామాన్ల గది ఏదీ వదల్లేదు. కూతురు నవ్వుతూనే వింది కానీ, విన్నప్పటినుంచీ లోపల ఏదో గుచ్చుకుంటోంది. చెప్పులు విప్పి, చేతిసంచీ బల్ల మీద పెట్టి, నేరుగా బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకుంది.

కాసేపటికి "నాన్నా" అంది లోపలినుంచి.

ఆయన పేపరు పక్కన పెట్టి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నేను ఇరుక్కుపోయాను" అంది.

"ఆ గడియ బాగానే ఉంటుంది. నేనే బిగించాను."

"తెలుసు. కూర్చో."

ఆయన కూర్చున్నాడు. తల్లి వంటింటి గుమ్మంలోకి వచ్చి ఏదో అనబోయి ఆగింది.

"చిన్నప్పుడు నేనూ వాళ్ళలాగే ఏవేవో అడిగేదాన్ని. నువ్వు ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. వినేవాడివి కూడా కాదేమో."

"విన్నాను."

"ఏం విన్నావో ఒక్కటి చెప్పు చూద్దాం."

చాలాసేపు పట్టలేదు. "బడికి వెళ్ళేటప్పుడు అడిగావు. చలికాలం. నా నీడకి చలి వేస్తుందా, దానికి స్వెట్టర్ లేదుగా అన్నావు."

లోపల కూతురు తలుపుకి దగ్గరగా జరిగిన చప్పుడైంది.

"అప్పుడు తెలీలేదు. తర్వాత ఆలోచించాను" అన్నాడాయన. "వెయ్యదనుకుంటాను. నువ్వు స్వెట్టర్ వేసుకుంటే నీడ కూడా లావవుతుంది. దానికీ తొడిగినట్టే."

"ఇన్నేళ్ళూ ఆలోచించావా నాన్నా?"

"అదొక్కటే కాదుగా. చాలా ఉన్నాయి. మనం ఊరెళ్ళి ఇంటికి తాళం వేసినప్పుడు లోపల కుర్చీలేం చేస్తాయన్నావు. అది నేను చూసిందే, ఎన్ని ఇళ్ళు తెరవలేదు. ఏం చేయవమ్మా. అలాగే ఉంటాయి. కానీ తలుపు తీయగానే, అప్పుడే మాట్లాడటం ఆపినట్టు ఉంటాయి. పక్కింటివాళ్ళ కుక్కకి మన పేర్లు తెలుసా అన్నావు. నాది తెలీదు, నన్నెవరూ పిలవరు కదా. నీది తెలుసు. మీ అమ్మ అరిచి పిలిచినప్పుడల్లా అది కూడా గేటు దగ్గరికి వచ్చేది."

"ఇంకా?"

"నేను పెద్దయ్యాక నువ్వు చిన్నవాడివి అవుతావా అన్నావు. దానికి జవాబు ఇంకా తేలలేదు."

లోపల కూతురు నవ్విందో ఏడ్చిందో తలుపు బాగా మందం కనుక తెలియలేదు. ఆయన కంగారుగా, "గోరువెచ్చటి నీళ్ళు కావాలా?" అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. వద్దంది. ఇంకా చెప్పమంది. ఆయన చెబుతూ పోయాడు. అన్నం చల్లారిపోయింది. భార్య ముక్కాలిపీట తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చుంది, ఒక్క మాట మాట్లాడకుండా.

చాలాసేపటికి ఆవిడ లేచి తలుపు తట్టింది.

"అమ్మాయ్, ఇక బయటికి రా."

"అప్పుడేనా అమ్మా?"

"చాల్లే. నా వంతు."

గడియ తీసుకుని కూతురు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తల్లి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఊరెళ్తున్నదానిలా ఒకసారి ఇల్లంతా కలయజూసి, లోపలికి వెళ్ళి గడియ బిగించింది. తండ్రీ కూతురూ తలుపుకేసి చూస్తూ కూర్చున్నారు. లోపలినుంచి ఏమీ వినిపించలేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఇద్దరికీ కొత్త.

"ఉన్నావా?" అన్నాడాయన.

"ఉన్నానండీ" అంది భార్య. "కాస్త ఆలోచించుకోనివ్వండి."